ఇంటి కంప్యూటర్లకు 'తుంగ' బెడద
పైపైన కోస్తే చాలదు, గడ్డతో సహా తీయాలి

తెనాలి (గ్రామీణ విలేఖరి): దుగ్గిరాల యార్డులో పసుపు ధర ఎంత పలికిందో చూద్దామని కంప్యూటరు తెరిస్తే అప్పులిస్తామనే ప్రకటన ఎదురవుతున్నది. అడంగల్ నకలు కొరకు వెతికితే ఎన్నడూ చూడని సైటేదో తెరుచుకుంటున్నది. పిల్లవాడు ఈఏపీసెట్ దరఖాస్తు నింపుతుంటే 'మీ కంప్యూటరుకు వైరస్ సోకింది' అంటూ ఎర్రటి బోర్డు అడ్డు వస్తున్నది. పల్లెల్లో ఇంటి కంప్యూటరు వున్న పలువురికి యీ బెడద అనుభవమే.

2020లో కరోనా వల్ల బడులు మూతపడి పాఠాలు ఆన్‌లైనుకు మారినప్పుడు చాలా ఇళ్ళలోకి కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో ఒకరు వాడి అమ్మినవి కూడా వున్నాయి. ఇప్పుడు ఆ ఒక్క కంప్యూటరు మీదనే అబ్బాయి చదువు, అమ్మాయి ఉద్యోగ దరఖాస్తు, ఇంటి యజమాని బ్యాంకు లెక్క నడుస్తున్నాయి. అందుచేత అందులో చేరిన అక్కరలేని ప్రోగ్రాములను చికాకు అనుకుని వూరుకోవడానికి వీలులేదు. కొన్ని ప్రకటనలు చూపి సొమ్ము చేసుకుంటాయి. కొన్ని మనం ఏ సైటుకు వెళ్ళామో రాసుకుంటాయి. అన్నింటికన్నా చెడ్డవి మనం నొక్కే ప్రతి అక్షరాన్నీ, పాస్‌వర్డుతో సహా, ఎక్కడో వున్నవారికి చేరవేస్తాయి. ఇలా గుట్టుగా చూసి చేరవేసే వాటినే స్పైవేర్ అంటారు.

ఎలా చొరబడతాయి?

ఎక్కువ భాగం మనం పిలిస్తేనే వస్తాయి. ఉచితంగా వీడియోలు దించుకునే ప్రోగ్రాము, పీడీఎఫ్ మార్చే ప్రోగ్రాము, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ వంటి వాటి వెంట ఇవి తోకలా వస్తాయి. ఎక్కించేటప్పుడు ఒక గడిలో ముందే టిక్కు పెట్టి వుంటుంది. చదవకుండా 'నెక్స్ట్', 'నెక్స్ట్' అని నొక్కుతూ పోతే మనం ఒప్పుకున్నట్లే లెక్క. పేరున్న సంస్థలు కూడా యీ పని చేశాయి. ఒరాకిల్ సంస్థ వారి జావాతో పాటు ఆస్క్ టూల్‌బార్ ఇలాగే ఏళ్ళ తరబడి వచ్చింది. దాని పాత రూపాలను 2015లో మైక్రోసాఫ్ట్ అక్కరలేని సాఫ్ట్‌వేర్ కింద జమకట్టింది.

కొత్త కంప్యూటరు కొన్నంత మాత్రాన నిశ్చింత లేదు. లెనోవో వారు అమ్మిన కొన్ని లాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రామును ముందుగానే ఎక్కించి ఇచ్చిన సంగతి 2015 ఫిబ్రవరిలో పెద్ద దుమారం లేపింది. బ్యాంకు సైట్లకు వుండే రక్షణ కంచెలో కూడా అది సందు చేసింది. ఆ వ్యవహారంలో 2017లో సదరు సంస్థ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకి రావలసి వచ్చింది.

2022 జూన్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మైక్రోసాఫ్ట్ స్వస్తి చెప్పడంతో బ్రౌజరు నెత్తిన పట్టీలుగా కూర్చునే పాతకాలపు టూల్‌బార్లు దాదాపు కనుమరుగయ్యాయి. అయితే వేషం మారిందే గాని బుద్ధి మారలేదు. ఇప్పుడు అవే బ్రౌజరులో ఎక్స్‌టెన్షన్ల రూపంలో చేరుతున్నాయి. ఏదో ఒక సైటులో 'అలౌ' అని ఒకసారి నొక్కితే చాలు, తెర మూలన రోజంతా ప్రకటనలు పుట్టుకొస్తాయి.

తీసే పద్ధతి

తుంగను పైన కోస్తే వారం తిరగక ముందే మళ్ళీ లేస్తుందని రైతుకు చెప్పనక్కరలేదు. నేలలో గడ్డ వున్నంత కాలం కోత వృథా. వీటి సంగతీ అంతే. ఒకచోట తీసేసి వూరుకుంటే మరోచోట నుంచి మొలుస్తాయి. కనుక వరుస తప్పకుండా చేయాలి.

ముందుగా ఫొటోలు, సర్టిఫికెట్లు, దరఖాస్తుల కాగితాలు పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకోవాలి. ప్రోగ్రాము ఫైళ్ళను మాత్రం కాపీ చేయరాదు.

తర్వాత విండోస్ 'సెట్టింగ్స్'లో 'యాప్స్' విభాగం తెరవాలి. అక్కడి జాబితాను ఎక్కించిన తేదీ ప్రకారం అమర్చుకుంటే బెడద మొదలైన రోజుల్లో వచ్చినవి తేలిగ్గా దొరుకుతాయి. తెలియని వాటిని 'అన్‌ఇన్‌స్టాల్' చేయాలి. ఇంటెల్, రియల్‌టెక్, మైక్రోసాఫ్ట్ పేర్లతో వున్నవి సాధారణంగా యంత్రానికి అవసరమైనవి. అయినా దొంగ పేరు పెట్టుకుని వచ్చేవి కూడా వుంటాయి గనుక, సందేహం వస్తే తెలిసినవారిని అడగకుండా చెయ్యి పెట్టరాదు.

మూడవది బ్రౌజరు. క్రోమ్ కుడివైపు పైన వున్న మూడు చుక్కలు నొక్కి 'ఎక్స్‌టెన్షన్స్'లో మనం పెట్టనివన్నీ తీసివేయాలి. 'సైట్ సెట్టింగ్స్'లో నోటిఫికేషన్ల జాబితా చూసి తెలియని సైట్లకు ఇచ్చిన అనుమతి రద్దు చేయాలి. అప్పటికీ లొంగకపోతే 'రీసెట్ సెట్టింగ్స్' వుంది. దానివల్ల దాచుకున్న పాస్‌వర్డులు, బుక్‌మార్కులు పోవు.

నాలుగవది గడ్డ తీసే పని. 'విండోస్ సెక్యూరిటీ'లో 'ఫుల్ స్కాన్' నడపాలి. ఇది గంటల తరబడి పట్టవచ్చు గనుక కరెంటు వుండే వేళ చూసుకోవాలి. అక్కడే 'ఆఫ్‌లైన్ స్కాన్' కూడా వుంటుంది. విండోస్ లేవకముందే వెతుకుతుంది గనుక లోపల దాక్కున్నవి కూడా దానికి చిక్కే అవకాశం వుంది. దీనికి పైసా ఖర్చు లేదు. అదిగాక కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైటులో కూడా శుభ్రపరిచే సాధనాలు ఉచితంగా ఇస్తున్నారు. ఇన్ని చేసినా మళ్ళీ మొలిస్తే, ఫైళ్ళు భద్రపరచుకుని విండోస్‌ను కొత్తగా ఎక్కించుకోవడమే మార్గం.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ పాత యంత్రాలు వాడేవారు మరింత జాగ్రత్తగా వుండాలి.

తాళం ఎప్పుడు మార్చాలి?

చాలామంది పొరబడేది ఇక్కడే. అనుమానం రాగానే అదే కంప్యూటరులో కూర్చుని పాస్‌వర్డు మారుస్తారు. దొంగ ఇంట్లో వుండగానే కొత్త తాళంచెవి అతని కళ్ళముందు చేయించినట్లు అవుతుంది. శుభ్రం చేసేవరకు ఆ కంప్యూటరులో బ్యాంకు సైటు తెరవరాదు. ఆలస్యం చేయలేమనుకుంటే, ఏ తేడా లేని వేరొక ఫోనులోనో కంప్యూటరులోనో వెంటనే మార్చుకోవాలి. ముందుగా ఈమెయిల్, తర్వాత బ్యాంకు పాస్‌వర్డు మార్చడం మంచిది. ఈమెయిల్ చేజిక్కితే తక్కిన తాళాలు తీయడం దొంగకు సులువు.

ఆ ఎర్రబోర్డును నమ్మరాదు

వైరస్ సోకిందని తెరమీద కనిపించే ఫోను నంబరుకు ఎట్టి పరిస్థితిలోనూ ఫోను చేయరాదు. మైక్రోసాఫ్ట్ హెచ్చరికలలో ఫోను నంబర్లు వుండవు. అవతలివాడు మర్యాదగా మాట్లాడి, దూరం నుంచి కంప్యూటరు నడిపే ప్రోగ్రాము ఎక్కించమంటాడు. ఎక్కించామా, ఇల్లు అప్పగించినట్లే. బోర్డు కదలకపోతే పవర్ బటన్ నొక్కిపట్టి యంత్రం ఆపివేయవచ్చు. పీఎం కిసాన్ పేరిట, పెళ్ళి శుభలేఖ పేరిట వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళు కూడా యీ జాతివే. వాటిని ఫోనులో తెరవరాదు.

ఖాతాలో సొమ్ము పోయినట్లు తెలిస్తే సిగ్గుపడి దాచుకోరాదు. వెంటనే 1930కి ఫోను చేసి, బ్యాంకుకు కూడా తెలియజేయాలి. ఎంత త్వరగా చెబితే సొమ్ము చేతులు మారకముందే నిలిపే అవకాశం అంత ఎక్కువ.

పంటకు తెగులు వస్తే చెప్పడానికి వ్యవసాయాధికారి వున్నారు. పశువుకు జబ్బు చేస్తే పశువైద్యశాల వుంది. కంప్యూటరుకు జబ్బు చేస్తే మాత్రం పల్లెవాసి దాన్ని సంచిలో పెట్టుకుని పట్నం బస్సు ఎక్కవలసి వస్తున్నది. చదువుకున్న కుర్రవాళ్ళు వూరూరా వున్నారు. కళాశాలల్లో కంప్యూటర్ అధ్యాపకులు వున్నారు. నెలకొక ఆదివారం పంచాయతీ కార్యాలయంలోనో గ్రంథాలయంలోనో వీరు కూర్చుని నాలుగు యంత్రాలు శుభ్రం చేసి చూపిస్తే, చూసినవారు తమ ఇంటి యంత్రం తామే బాగుచేసుకోగలరు. ఇందుకు పంచాయతీలు, కళాశాలల యాజమాన్యాలు పూనుకోవలసి వుంది.