వలిసె గింజ – గోల్డ్‌ఫించ్ పిట్ట

నవంబరు, డిసెంబరు నెలల్లో అరకు లోయకు వెళ్ళినవారు కొండవాలుల్లో పచ్చగా విరబూసిన వలిసె చేలను చూసే ఉంటారు. ఆ పూల నడుమ ఫోటోలు దిగేవారు ఎక్కువ, గింజను చూసేవారు తక్కువ. నల్లగా, సన్నగా ఉండే ఈ నూనెగింజనే వెర్రి నువ్వులు అని కూడా అంటారు. మన దేశం దీనిని ఎగుమతి చేస్తుంది. అమెరికాలో దీనిని తినేది మాత్రం మనుషులు కాదు, పక్షులు!

మనం పిచ్చుకల కోసం చూరుకు వరి కంకులు కట్టినట్లే, అక్కడివారు పెరట్లో మేత గొట్టాలు వేలాడదీస్తారు. వలిసెల గొట్టానికి రంధ్రాలు సన్నని చీలికల్లా ఉంటాయి. గింజ కారిపోదు, పెద్ద ముక్కు దూరదు. అందుకే అమెరికన్ గోల్డ్‌ఫించ్ వంటి చిన్న పక్షులకే అది బాగా అనుకూలం. దిగుమతి అయ్యే గింజను ముందుగా వేడితో శుద్ధి చేస్తారు. బంగారు తీగ అనే కలుపు మొక్క విత్తనాలు అందులో కలిసి వచ్చి మొలవకూడదు కదా!

గోల్డ్‌ఫించ్‌లో ఒక విశేషం ఉంది. గింజలు తినే చాలా పక్షులు సైతం పిల్లలకు పురుగులు పెడతాయి. ఇది పిల్లలకూ గింజలే పెడుతుంది. కోకిలలాగా పరాయి గూట్లో గుడ్లు పెట్టే కౌబర్డ్ పిల్ల ఈ గూట్లో పుడితే, ఆ తిండితో సాధారణంగా కొద్ది రోజులకు మించి బతకదు. మగపక్షి వేసవిలో నిండు పసుపు, శీతాకాలంలో మట్టిరంగు. రంగునే నమ్ముకొని చూసేవారు పిట్టలు వెళ్ళిపోయాయని పొరబడతారు.

ఇక అసలు చిక్కు. 1994లో వాషింగ్టన్ పరిసరాల్లో హౌస్ ఫించ్ అనే మరో జాతి పక్షులు కళ్ళు వాచి కనిపించాయి. కారణం, కోళ్ళకు జబ్బు తెచ్చే మైకోప్లాస్మా గల్లిసెప్టికమ్ అనే బాక్టీరియా. తర్వాత అది గోల్డ్‌ఫించ్‌లలోనూ కనిపించింది. చూపు మందగించిన పక్షి గొట్టాన్ని వదిలి పోలేదు. అది తల ఆనించిన అంచునే తరువాతి పక్షీ తాకుతుంది. ఈ వ్యాప్తిని గుర్తించడంలో, పెరట్లో పక్షులను లెక్కపెట్టి కార్నెల్ విశ్వవిద్యాలయానికి పంపిన సామాన్యుల పాత్ర చాలా ఉంది.

కనుక రెండు వారాలకొకసారి, తొమ్మిది పాళ్ళ నీటికి ఒక పాలు బ్లీచు ద్రావణం కలిపి గొట్టాన్ని కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. జబ్బు పక్షి కనబడితే కొన్నాళ్ళు దించివేయాలి. గొట్టం నిండుగా ఉన్నా పిట్టలు వాలడం లేదా? ముందు అడుగుభాగం చూడండి. తడిసి బూజు పట్టిన గింజ అక్కడ గడ్డకట్టి ఉండవచ్చు.