హుజూర్‌కైనా హద్దుంది!

కంప్యూటర్‌లో సర్వాధికారి ఒకరుంటారు. ఆయన మాటకు ఎదురు లేదు. మరి ఆ అధికారమే దొంగ చేతికి చిక్కితే? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళితే చివరికి మన జేబులోని ఫోన్ దగ్గర తేలతాం!

నిజాం కాలంలో పెద్ద అధికారి ఎదుట నిలబడితే నోటివెంట వచ్చే మాట 'హుజూర్'. ఏలినవారు అని అర్థం. ఆ మాటను తన పేరులోనే నిలుపుకున్న హుజూర్‌నగర్ నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది ఊరు. 2016 వరకూ నల్గొండ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. 1967 ఆగస్టు 4న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లే ఈ ప్రాంతాన్ని వరి మాగాణిగా, రైసు మిల్లుల సీమగా మార్చాయి.

కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఓ సంగతి చెప్పనక్కర్లేదు. పొలం మనది. వరి వేస్తామా, పత్తి వేస్తామా, కౌలుకిస్తామా అన్నది మన ఇష్టం. కానీ తూము మనది కాదు. మన గట్టు పక్కనే ఉన్నా దాని గేటు మీద చెయ్యి వేయకూడదు. కాలువ మీద కాపలా తిరిగే లష్కర్ కూడా తనకు తోచినప్పుడు గేటు ఎత్తడానికి లేదు. వారబందీ పెట్టారంటే ఎవరి వంతు ఎప్పుడో దాని ప్రకారమే నీళ్లు. పైనున్న ఆసామి తన ఇష్టానికి తూము లేపేస్తే చివరి భూముల్లో వరి ఎండిపోతుంది మరి!

యజమాని ఇష్టం ఒకటి. యజమానితో సహా అందరికీ పైనుండే నియమం మరొకటి. కంప్యూటర్ల భద్రతలోనూ సరిగ్గా ఈ రెండు పద్ధతులే ఉన్నాయి. రెండోదాని పేరు 'మ్యాండేటరీ యాక్సెస్ కంట్రోల్'. మన మాటల్లో చెప్పాలంటే, తప్పనిసరి కట్టడి.

కనిపించని పనివాళ్లు

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ పుట్టింది. ఆ తర్వాత దాని పోలికలతో లినక్స్ వచ్చింది. వీటిలో ప్రతి ఫైలుకీ ఓ యజమాని ఉంటారు. దాన్ని ఎవరు చదవాలో, ఎవరు మార్చాలో చెప్పేది ఆ యజమానే. వీళ్లందరి పైన ఉండే ఖాతా 'రూట్'. దానికి ఏ తలుపూ అడ్డు కాదు. కంప్యూటర్‌కు హుజూర్ అన్నమాట.

మనం కంప్యూటర్ ముందు కూర్చుని ఒక ఉత్తరం టైపు చేస్తుంటాం. తెర వెనక మాత్రం పదుల కొద్దీ ప్రోగ్రాములు చప్పుడు లేకుండా పనిచేస్తుంటాయి. ఒకటి ప్రింటర్ సంగతి చూస్తుంది. ఒకటి గడియారం సరిచేస్తుంది. ఇంకొకటి అడిగినవాళ్లకు వెబ్ పేజీలు అందిస్తుంది. వీటినే సిస్టమ్ సర్వీసులంటారు. యంత్రంతోపాటే నిద్ర లేస్తాయి, యంత్రం ఆగేదాకా పనిలోనే ఉంటాయి. చిక్కేమిటంటే, వీటిలో కొన్ని బయటి ప్రపంచం నుంచి వచ్చే ప్రతి సందేశాన్నీ అందుకోవాలి. అదే సమయంలో చాలావాటికి రూట్ అధికారం కూడా ఇచ్చేవారు. గడపలో కూర్చుని అపరిచితులతో మాట్లాడే మనిషి చేతికే ఇంటి తాళాల గుత్తి ఇచ్చినట్టు!

దాని ఫలితం 1988 నవంబరు 2న లోకానికి తెలిసింది. కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన ఓ చిన్న ప్రోగ్రాం ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకిపోయింది. అప్పటి ఇంటర్నెట్ అంతా కలిపి అరవై వేల యంత్రాలుంటే, సుమారు 6 వేలు దాని బారిన పడ్డాయని అంచనా. అది ముఖ్యంగా దూరింది ఎక్కడి నుంచో తెలుసా? మెయిల్ పంపే సర్వీసులోని లోపం నుంచి, వాడకందారుల వివరాలు చెప్పే మరో సర్వీసులోని లోపం నుంచి.

లోపం లేని ప్రోగ్రాం రాయడం మనుషులకు సాధ్యం కాదు. అందుకే నిపుణులు ప్రశ్నను మార్చారు. 'సర్వీసు దొంగ చేతికి చిక్కకుండా ఎలా?' అన్నదొక్కటే కాదు, 'చిక్కినా నష్టం అక్కడితో ఆగేదెలా?' అని కూడా ఆలోచించారు.

రాసిందే చెల్లు

కట్టడి పనిచేసే తీరు వినడానికి తేలికే. నడిచే ప్రతి ప్రోగ్రాముకీ, ప్రతి ఫైలుకీ ఓ చీటీ అంటిస్తారు. ఏ చీటీ ఉన్న ప్రోగ్రాం ఏ చీటీ ఉన్న ఫైలును ఏం చేయొచ్చో ముందే ఓ పట్టీ రాసిపెడతారు. చదవొచ్చని రాస్తే చదవడమే, రాయడం కుదరదు. పట్టీలో లేనిది ఏదైనా నిషేధమే. కంప్యూటర్‌కు గుండెకాయ లాంటి 'కెర్నెల్' ప్రతిసారీ ఆ పట్టీ చూసే దారి వదులుతుంది. ముందు యజమాని అనుమతి ఉండాలి, ఆపైన పట్టీ కూడా ఒప్పుకోవాలి. రెండూ కుదిరితేనే పని.

ఉదాహరణకు వెబ్ సర్వర్‌నే తీసుకోండి. దాని పని వెబ్ పేజీలున్న చోట చదివి అందించడం. ఎవరో దాన్ని లోబరుచుకుని, పాస్‌వర్డులుండే ఫైలు తెమ్మన్నారనుకుందాం. రూట్ అధికారంతో అడిగినా సరే, వెబ్ సర్వర్ చీటీకి ఆ ఫైలు రాసి లేదు. కాబట్టి కెర్నెల్ కుదరదంటుంది. పైగా ఎవరు, ఎప్పుడు, దేనికోసం చెయ్యి చాచారో చిట్టాలో రాసిపెడుతుంది.

ఈ ఆలోచనను మొదట పట్టించుకున్నది సైన్యాలు, రహస్య కార్యాలయాలే. అమెరికా రక్షణ శాఖ 1983లో వెలువరించిన ప్రమాణాల పుస్తకం (అట్ట రంగును బట్టి దాన్ని 'ఆరెంజ్ బుక్' అన్నారు) పై తరగతి యంత్రాలకు ఇలాంటి కట్టడి తప్పనిసరి చేసింది. సామాన్యుల కంప్యూటర్ల దాకా రావడానికి మాత్రం ఇంకో రెండు దశాబ్దాలు పట్టింది. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ 2000 డిసెంబరులో 'ఎస్‌ఈలినక్స్'ను బయటపెట్టింది. నిఘా సంస్థ ఇచ్చిన తాళాన్ని నమ్మడమెలా అన్న అనుమానం సహజం. అయితే ఆ తాళం లోపలి భాగాలన్నీ ఎవరైనా విప్పి చూసుకునేలా ఇచ్చారు. చూసి, చర్చించి, మార్పులు చేశాకే 2003లో లినక్స్ కెర్నెల్‌లో చేర్చుకున్నారు.

మొదట్లో అత్యుత్సాహం దెబ్బతీసింది. ఫెడోరా అనే లినక్స్‌లో అన్నిటికీ కట్టడి పెట్టి చూస్తే మామూలు పనులే ఆగిపోయాయి. దాంతో 2004 మేలో విడుదల చేసినప్పుడు దాన్ని ఆపి ఉంచారు. తర్వాత పంథా మార్చారు. వాడకందారుల జోలికి పోకుండా, నెట్‌వర్కుకు ఎదురుగా ఉండే కొన్ని సర్వీసులకే హద్దులు గీశారు. అదే ఏడాది నవంబరులో వచ్చిన మూడో ఫెడోరా నుంచి అది మామూలుగానే ఆన్‌లో ఉంటోంది. 'యాప్‌ఆర్మర్' అనే మరో పద్ధతి ఉబుంటు లినక్స్‌లో 2007 నుంచి ఉంది.

పది తాళాలూ ఒకరికేనా?

'మా ఇంట్లో లినక్స్ ఎక్కడుంది?' అనుకుంటున్నారా? మీ ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్నది అదే. 2013 చివర్లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4లో నాలుగు కీలక సర్వీసులకు ఈ కట్టడి పెట్టారు. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నుంచి మొత్తం ఫోన్‌కే వర్తింపజేశారు.

అయినా 2015 జులైలో 'స్టేజ్‌ఫ్రైట్' లోపం బయటపడి ప్రపంచాన్ని కంగారుపెట్టింది. వీడియో ఉన్న ఎంఎంఎస్ ఒకటి పంపితే చాలు, మనం తెరవకపోయినా కొన్ని ఫోన్లు అవతలివాడి చేతికి చిక్కే ప్రమాదముందని తేలింది. తప్పెక్కడుంది? పాటలు, వీడియోలు చూసుకునే ఒకే సర్వీసుకు కెమెరా, మైకు, నెట్‌వర్కు... అన్నిటి తాళాలూ ఇచ్చారు. కట్టడి ఉన్నా, పట్టీలో అనుమతులు అంత పొడుగ్గా ఉంటే ఏం లాభం? అందుకే 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7లో ఆ సర్వీసును ముక్కలు చేశారు. వీడియో విప్పేదానికి ఆ పనే, కెమెరా చూసేదానికి కెమెరానే. ప్రతి నెలా భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పద్ధతి మొదలైంది కూడా ఆ గొడవ తర్వాతే.

ఫ్యూజు స్థానంలో ఇనుప తీగ

ఇంత చేసినా ఈ కట్టడికి అతి పెద్ద శత్రువు దొంగ కాదు, తొందర! ఆఫీసులో సర్వర్ మీద ఏదో పని ఆగుతుంది. కారణం వెతికే ఓపిక ఉండదు. ఎవరో 'ఎస్‌ఈలినక్స్ ఆపేయండి, అదే పోతుంది' అంటారు. ఒక్క ఆదేశంతో ఆపేస్తారు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావుపాటి తీగ చుట్టడం లాంటిదే ఇది. ఆ పూటకు లైటు వెలుగుతుంది, రేపు ఇల్లు కాలుతుంది. నిజానికి అడ్డుకోకుండా చిట్టా మాత్రమే రాసే ఏర్పాటు అందులోనే ఉంది. కొన్నాళ్లు అలా నడిపి, చిట్టా చదివి, పట్టీ సరిచేసుకోవడం తెలివైన పని.

ఫోన్ల సంగతీ అంతే. కొత్త హంగుల కోసం ఫోన్‌ను 'రూట్' చేయించుకునే కుర్రాళ్లు ఈ గోడను చేజేతులా బలహీనపరుస్తున్నారు. ఇంకో ముఖ్యమైన మాట. ఈ కట్టడి ఆపేది చాటుగా హద్దు దాటేవాళ్లనే. పీఎం కిసాన్ డబ్బులనో, బండి చలానా అనో వాట్సప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును మనమే ఇన్‌స్టాల్ చేసి, అడిగిన అనుమతులన్నిటికీ 'అలౌ' నొక్కితే ఏ పట్టీ మాత్రం ఏం చేస్తుంది? తూము గేటు తాళం మనమే తీసి ఇచ్చాక లష్కర్‌ను తిట్టి ప్రయోజనం లేదు.

ఇంటిల్లిపాదీ చూసుకోవాల్సినవి

* ఫోన్ సెట్టింగుల్లో భద్రతా అప్‌డేట్ తేదీ చూడండి. ఏళ్ల కిందట ఆగిపోయిన ఫోన్‌లో బ్యాంకు లావాదేవీలు పెట్టుకోకపోవడం మంచిది.
* సందేశాల్లో వచ్చే ఏపీకే ఫైళ్లు తెరవొద్దు. యాప్ కావాలంటే ప్లే స్టోర్ నుంచే.
* 'యాక్సెసబిలిటీ' అనుమతి అడిగే కొత్త యాప్‌ను అనుమానించండి. అది ఇస్తే తెర మీద ఉన్నదంతా ఆ యాప్ చదవగలదు.
* టార్చిలైటు యాప్‌కు కాంటాక్టులెందుకు? ఏ యాప్‌కు ఏ అనుమతి ఉందో అప్పుడప్పుడూ చూసి, అక్కర్లేనివి తీసేయండి.
* డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే తిరిగి దక్కే అవకాశం అంత ఎక్కువ.