మేగజైన్ సంచి: తక్కువ డబ్బుల్లో మంచిది గుర్తుపట్టడం ఎట్లా?

మన ఈ-మేగజైన్‌కు మేగజైన్ సంచుల మీద వ్యాసం ఇస్తానంటే ఎడిటర్ అక్క నవ్వింది. నవ్వాల్సిన పనేం లేదు, రెండూ ఒకే మాట. అరబ్బీలో "మఖ్‌జన్" అంటే సరుకు దాచే కొట్టు. తూటాలు దాచే పెట్టె అట్ల మేగజైన్ అయింది. 1731లో లండన్‌లో ఎడ్వర్డ్ కేవ్ "జెంటిల్మన్స్ మేగజైన్" అని పేరు పెట్టాక, రచనలు దాచే కొట్టు కూడా మేగజైన్ అయింది. మనం వాడే "ఖజానా" కూడా ఆ ఇంటి పిల్లే. ఇక సంచి సంగతికి వద్దాం.

తెలియనివాళ్ళకు ఒక ముక్క. ఎయిర్‌సాఫ్ట్ 1970ల నుంచి జపాన్‌లో పెరిగిన ఆట. 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు, బొమ్మ తుపాకులు, రెండు జట్లు. గుండ్లు నింపే మేగజైన్లను నడుముకో, ఛాతీ మీదో కట్టుకునేదే మేగజైన్ పౌచ్. మా ఆరుగురి జట్టు చెనిక్కాయ పీకేసిన చేన్లో, చేనాయన్ను అడిగి ఆడుకుంటుంది. అందరం హాస్టల్ పిల్లోళ్ళమే, నెల ఖర్చులో మిగిలిందే బడ్జెట్. అందుకని మూడు రకాల చవక పౌచ్‌లు తెచ్చి, కొనేముందు ఏం చూడాలో ఒక వరస పెట్టుకున్నాం. ఈ వరస కాలేజీ బ్యాగుకు కూడా పనికొస్తుంది.

గుడ్డ. ప్రతి సంచి మీదా "1000 డెనియర్" అని ఉంటుంది. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంటే అది దారం లావుకు కొలత, నాణ్యతకు కాదు. అసలు అడగాల్సింది నైలానా, పాలిస్టరా అని. లోపలి కుట్టు దగ్గర వేలాడే దారం ఒకటి కత్తిరించి, ఆరుబయట, పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి. పాలిస్టర్ అయితే నల్లపొగ వచ్చి, నల్లటి గట్టి పూస మిగులుతుంది. నైలాన్‌కు అంత నల్లపొగ రాదు, పూస గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటుంది. రాపిడికి నైలాన్ బాగా ఆగుతుంది, కానీ ఎండకు పాలిస్టరే నయం. నైలాన్ నీళ్ళు కూడా ఎక్కువ పీలుస్తుంది. చలిదేశాల రివ్యూలన్నీ నైలానే కొనమంటాయి. కర్నూలు, కడప ఎండల్లో వాడే మనకు 600 డెనియర్ పాలిస్టర్ తీసిపారేయాల్సినదేం కాదు, ధర కూడా తక్కువ.

కుట్టు. వన్ టౌన్‌లో బ్యాగులు కుట్టే భాయ్‌కి మూడూ చూపిస్తే, బయటివైపు చూడనే లేదు. తిరగేసి పట్టుకుని, "లోపల చూడు నాయనా, పైన అందరూ బాగానే కుడతారు" అన్నాడు. బరువు లాగే చోట్ల, అంటే పట్టీ మొదట్లో, మూత అంచుల్లో, అడ్డంగా దగ్గర దగ్గరగా వేసిన గట్టి కుట్టు ఉండాలి. దాన్ని బార్‌టాక్ అంటారు. మా మూడింట్లో రెండింటికి అది లేదు, మామూలు కుట్టే రెండుసార్లు పోయింది. గుడ్డ అంచు లోపలికి మడిచి కుట్టారా, పీచులు బయటికి వచ్చాయా అన్నది కూడా అక్కడే తేలుతుంది. మంచి సంగతేమంటే, బలంగా కుట్టే మిషన్ ఉన్న షాపులో ఈ లోపం సరిచేసుకోవచ్చు. రెండు పౌచ్‌లకు కలిపి భాయ్ 60 రూపాయలు తీసుకున్నాడు.

పట్టీల కొలత. వెనకున్న పట్టీల పద్ధతిని మాలీ అంటారు. అమెరికా సైన్యం 1990ల చివర్లో తెచ్చింది. పట్టీ వెడల్పు 1 అంగుళం, పట్టీకీ పట్టీకీ మధ్య సందు 1 అంగుళం, కుట్టుకూ కుట్టుకూ దూరం ఒకటిన్నర అంగుళం. ఈ లెక్క కుదిరితేనే ఒక కంపెనీ పౌచ్ ఇంకో కంపెనీ వెస్ట్‌కు ఎక్కుతుంది. స్కేలు పెట్టి కొలవండి. 38 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట మా మూడోదానికి 33 ఉంది. పట్టీ దూరదు, బలవంతంగా దూర్చితే కుట్టు తెగుతుంది.

పట్టు. మేగజైన్ జారకూడదు, కావాల్సినప్పుడు వెంటనే రావాలి. ఈ రెండూ ఒకదానికొకటి పడవు. వెల్క్రో మూత గట్టిగా పట్టుకుంటుంది. కుక్క బొచ్చుకు అంటుకున్న ముళ్ళకాయలు చూసి స్విట్జర్లాండ్‌లో జార్జ్ ద మెస్ట్రల్ కనిపెట్టినదే వెల్క్రో. మన ఉత్తరేణి గింజలు ప్యాంటుకు అంటుకోవడం చూస్తే సంగతి అర్థమవుతుంది. కష్టం కూడా అక్కడే ఉంది: చేన్లోని దుమ్ము, చెత్తాకు, గింజలు అన్నీ కొక్కేల్లో ఇరుక్కుని నాలుగు ఆటలకే పట్టు తగ్గుతుంది. పాత టూత్‌బ్రష్‌తో దులిపితే మళ్ళీ కొంత వస్తుంది. మూత లేకుండా రబ్బరు తాడు ఉన్నది తొందరగా అందుతుంది, దుమ్ము బాధ తక్కువ. కానీ ఎండకు రబ్బరు సాగిపోతుంది కాబట్టి, తాడు మార్చుకునే వీలున్నదే తీసుకోండి. పరీక్ష సులువు: మేగజైన్ పెట్టి, తలకిందులు చేసి పదిసార్లు గట్టిగా ఊపండి. తర్వాత కళ్ళు మూసుకుని ఒంటిచేత్తో తీసి చూడండి.

ధర. పౌచ్ ధర కాదు, మేగజైన్‌కు ఎంత పడుతుందో లెక్కేయండి. ఒకటి పట్టేది మాకు 280కి వచ్చింది. మూడు పట్టేది 690, అంటే ఒక్కోదానికి 230. బార్‌టాక్ వేయించినా రెండోదే లాభం. మేం ఉంచుకున్నది అదే: పాలిస్టర్, రబ్బరు తాడు, కొలత సరిగ్గా ఉన్నది.

ఇంత చెప్పినా, నా లిస్టులో పౌచ్ రెండోదే. మొదటిది కళ్ళద్దాలు. ఇంజినీరింగ్ పిల్లలం కదా, లెక్క చూడండి. 0.2 గ్రాముల గుండు సెకనుకు 100 మీటర్ల వేగంతో వస్తే దాని గతిశక్తి సరిగ్గా 1 జౌల్. ఒంటికి తగిలితే ఎర్రటి దద్దురు, అంతే. కంటికి తగిలితే చూపే పోవచ్చు. మామూలు చలువ కళ్ళద్దాలు చాలవు, పక్కల నుంచి కూడా మూసుకునే, ఏఎన్‌ఎస్‌ఐ జెడ్87.1 ముద్ర ఉన్న గాగుల్స్ కావాలి. చేతిలో వెయ్యి రూపాయలే ఉంటే ముందు వాటికే పెట్టండి. పౌచ్ లేకపోతే మేగజైన్ ప్యాంటు జేబులో పెట్టుకుని ఆడొచ్చు. కన్ను మాత్రం ఏ షాపులోనూ కుట్టించుకోలేం.

ఇంకోటి, రంగు. మిలటరీ చారల గుడ్డ ఫొటోల్లో బాగుంటుంది. కానీ సైనికుడని ఎదుటివాళ్ళను నమ్మించేట్టు వేషం వేస్తే మన చట్టంలో నేరం. మన సైన్యం 2022 జనవరి 15న కొత్త యూనిఫాం చూపించింది, ఆ డిజైన్ మీద హక్కులు కూడా సైన్యానివే. మట్టిరంగు పౌచ్ తీసుకుంటే ఏ గొడవా లేదు, మన ఎర్రనేల దుమ్ము కూడా అందులో కలిసిపోతుంది. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడప బస్సెక్కేటప్పుడు బొమ్మ తుపాకీ, పౌచ్‌లు అన్నీ జిప్ వేసిన బ్యాగులోనే ఉండాలి. అది ఆటవస్తువని మనకు తెలుసు, పక్కసీట్లో పిల్లనెత్తుకుని కూర్చున్న అమ్మకు తెలీదు.