యామునాచార్యుని చారోపదేశము

కళింగదండయాత్రకు వెడలుచు కృష్ణదేవరాయలు స్వప్నాదేశము పొందిన శ్రీకాకుళము అరసవల్లి చెంతనున్నది కాదు, కృష్ణాతీరమందలిది. అట్లు దండయాత్ర నడుమ సంకల్పింపఁబడిన ఆముక్తమాల్యదయందు చారనీతి చోటుచేసికొనుట సహజము. చతుర్థాశ్వాసమున యామునాచార్యుఁడు రాజ్యము వీడుచు కుమారునకు చారలక్షణములు బోధించెను: చారుఁడు పురనివాసి, బహుభాషావేత్త, ఇతరచారులకు తెలియనివాఁడు కావలెను; కోరినదానికి మించి ధనము పొందవలెను.

కౌటిల్యుని అర్థశాస్త్రమున 'సత్రి' యనఁబడు చారుఁడు బంధువులు లేక, రాజపోషణమునఁ బెరిగి, అంగవిద్య, మాయావిద్య, శకునశాస్త్రము మున్నగునవి అభ్యసించినవాఁడు. రాజపుత్రుఁడు నేర్చునది చారవృత్తి కాదు, చారుని ఎన్నిక. అపాయము అనాథునిది, ఫలము రాజపుత్రునిది. కావున ఈ రెండింటిని ఒకే చారశిక్షణగాఁ బరిగణించుట సరికాదని మా అభిప్రాయము. కోరినదానికి మించి యిమ్మనుటలో మాత్రము తండ్రి ఆ యపాయపు మూల్యమును కుమారునకు ఎఱిఁగించినట్లు తోఁచుచున్నది.