చెరకు తోటలో కూనలు దొరికినప్పుడు

చెరకు నరుకు మొదలైనది మొదలు ఏటేట ఏదో ఒక గ్రామమునుండి ఒకే విధమైన వార్త వచ్చుచుండును. తోట నడుమ చెత్తలో రెండో మూడో కూనలు కనిపించినవి, కూలీలు చిరుతపులి పిల్లలని కేకలు వేసిరి, ఊరంతయు చూడవచ్చినది, ఎవరో జాలిపడి వాటిని ఇంటికి తెచ్చి ఆవుపాలు పోసిరి, రెండు మూడు దినములలో అవి చనిపోయినవి. ఇందులో ఎవరికిని చెడు తలంపు లేదు. కూనలను చంపినది జాలియే. రైతు సోదరులు ఆ సమయమున ఏమి చేయవలెనో, ముఖ్యముగా ఏమి చేయరాదో ముందుగా తెలిసికొనియున్నచో ఆ కూనలు చాలవరకు బ్రతుకును.

మన చెరకు తోటలలో దొరకు కూనలు సాధారణముగా జంగుపిల్లివి. దీనినే కొందరు అడవిపిల్లి యందురు. పేరుకు అడవిపిల్లియే గాని దట్టమైన అడవి దీనికి అంతగా గిట్టదు. చెరువు గట్ల తుంగలోను, కాలువల వెంబడి జమ్ములోను, చెరకు తోటలలోను ఇది కాపురముండును. పెద్ద జంగుపిల్లి ఇంటిపిల్లికంటె ఎత్తైనది, కాళ్లు పొడవు, తోక పొట్టి. ఒంటిపై మచ్చలుండవు, ఇసుక రంగుగా నుండును. చెవుల కొనలందు చిన్న నల్లని కుచ్చు, తోక చివర నల్లని పట్టెలు ఉండును. కూనల ఒంటిమీద మాత్రము చారలు కనిపించి, పెరిగిన కొలది మాసిపోవును. ఈ చారలను చూచియే జనులు చిరుతపులి పిల్లలని భ్రమపడుచుందురు. చిరుత కూన పుట్టిననాడే సుమారు అర కిలో తూగును. జంగుపిల్లి కూన పుట్టినప్పుడు నూరు గ్రాములకు అటునిటు మాత్రమే. చిరుత కూనకు ఒంటినిండ దగ్గర దగ్గరగా నల్లని మచ్చలు, పొడవైన తోక ఉండును. ఏ మాత్రము అనుమానము కలిగినను కూలీలనందరిని వెంటనే తోటనుండి బయటకు పంపి అటవీశాఖ వారికి కబురు చేయుడు. తల్లి చిరుత దగ్గరలోనే యుండవచ్చును.

జంగుపిల్లి వలన రైతునకు కలుగు లాభము తక్కువైనది కాదు. అప్పుడప్పుడు కోళ్లను ఎత్తుకొనిపోవుట నిజమే. కాని దాని ముఖ్యాహారము ఎలుకలు. రాజస్థానములోని సరిస్కాలో జరిపి 2004లో ప్రకటించిన పరిశీలనను బట్టి ఒక జంగుపిల్లి దినమునకు 3 నుండి 5 వరకు ఎలుకలను తినునని అంచనా కట్టిరి. ఎలుకలు చెరకు కణుపులను కొరికి ఎంత నష్టము చేయునో, ఒక తల్లి తన కూనలతో అదే తోటలో నుండుట ఎంత మేలో మీరే లెక్క వేసికొనవచ్చును.

తల్లి ఎక్కడికి పోయినది?

దిక్కులేని కూనలని మనము తలచునవి నూటికి చాలవంతు దిక్కులేనివి కావు. తల్లి రాత్రియు, తెల్లవారుజామునను వేటకు పోవును. పగలు మనుష్యుల అలికిడి వినగానే తాను తప్పుకొని పక్క తోటలోనో, కాలువ గట్టు పొదలోనో దాగియుండును. జనులు వెళ్లిపోయిన పిమ్మట చీకటిలో వచ్చి, కూనలను ఒక్కొక్కదానిని మెడ పట్టుకొని వేరొక చోటికి మార్చుకొనును. మీరు వాటిని ఇంటికి తెచ్చినచో ఆ రాత్రి తల్లి వట్టి చెత్తను వెదకి పోవును.

తల్లి నేర్పు విద్యను మనము నేర్పజాలము. కూనకు కన్నులు తెరచుకొనుటకు పది పన్నెండు దినములు పట్టును. తరువాత కొన్ని నెలలు తల్లి వెంట తిరిగి ఎలుకను పట్టు విధము, కుక్కను చూచి పారిపోవు విధము నేర్చుకొనును. చేతులలో పెరిగినది మనిషికి భయపడదు, కుక్కకు భయపడదు, వేటాడజాలదు. అట్టిదానిని తిరిగి తోటలో వదలిన కొలది దినములకే కుక్కల పాలగును. లేనిచో జీవితాంతము బోనులో నుండవలసినదే.

కనుక కూనలు కనబడగానే వాటిని చేతులలోనికి తీసికొనక, పని ఆపి చుట్టు చూడుడు. అవి ఉన్న చోటికి గుర్తుగా ఒక కర్ర పాతి, కుక్కలను పిల్లలను దూరముగా పంపుడు. ఫ్యాక్టరీ పర్మిటు వచ్చి, బండి సిద్ధముగా నిలచియుండగా కోత ఆపుట సులభము కాదని ఎరుగుదుము. తోటంతయు ఆపనక్కరలేదు. కూనలున్న చోట నాలుగైదు సాళ్లు వదలి, దూరపు మూలనుండి కోయించుకొనుడు. నరకిన చెరకు ఆలస్యమైన కొలది బరువును తీపిని కోల్పోవును గాని, నిలబడియున్న నాలుగు సాళ్లు ఒక రాత్రి నిలచినందున వచ్చు నష్టము లేదు.

కూనలు అప్పటికే చెల్లాచెదరై యున్నను, ఎవరైన తీసియున్నను, వాటిని అంచులు ఎత్తుగానున్న ఒక గంపలో చెరకు ఆకు పరచి ఉంచవలెను. తల్లి వంగి అందుకొనగలంత లోతు మాత్రమే ఉండవలెను. పైన మూత పెట్టరాదు. గంపను దొరికిన చోటనే, పొద్దు క్రుంకు వేళ ఉంచి అందరును వెళ్లిపోవలెను. టార్చిలైటుతో మాటిమాటికి పోయి చూచినచో తల్లి రాదు. మరునాడు తెల్లవారిన తరువాత దూరమునుండి చూడుడు. గంప ఖాళీగా నున్నచో పని అయినది. కొన్ని మిగిలియున్నచో తల్లి ఇంకను మార్చుకొనుచున్నదని భావించి, అవి చురుకుగా నున్న యెడల మరియొక రాత్రి అవకాశ మీయవచ్చును. మనిషి చేయి తగిలిన కూనను తల్లి ముట్టదని కొందరు చెప్పు మాటను నమ్మి వాటిని వదలివేయకుడు.

ఈ పద్ధతి వట్టి మాట కాదు. మహారాష్ట్రలో పుణె జిల్లా జున్నరు ప్రాంతమున చెరకు తోటలలో చిరుతలే పిల్లలను పెట్టును. అక్కడి అటవీశాఖ వారును, మాణిక్‌దోహ్ చిరుత సంరక్షణ కేంద్రపు పశువైద్యులును దొరికిన కూనలను పరీక్షించి, పెట్టెలో ఉంచి, సాయంకాలము దొరికిన చోటనే పెట్టగా తల్లి వచ్చి నోట కరచుకొని పోవుట పలుమార్లు కెమెరాలలో నమోదైనది. అంతటి చిరుతయే తిరిగి వచ్చుచుండగా జంగుపిల్లి రాకుండునా? అయితే చిరుత కూనల విషయమున ఈ పని అటవీశాఖ వారే చేయవలెను; రైతు పూనుకొనరాదు.

నిజముగా దెబ్బ తగిలినచో

కొడవలి దెబ్బ తగిలినను, మంటలో కాలినను, తల్లి చనిపోయి కనబడినను, రెండు రాత్రులైనను తల్లి రాకున్నను అప్పుడు మాత్రమే కూనను తీయవలెను. గోనెపట్టా చేతులకు చుట్టుకొని ఎత్తి, గాలి ఆడు అట్టపెట్టెలో మెత్తని గుడ్డ పరచి, మూసి, చీకటిగా, సద్దులేని చోట ఉంచుడు. పసికూనకు ఆకలికంటె ముందు చలి ప్రాణాంతకము. గోరువెచ్చని నీరు పోసిన సీసాకు గుడ్డ చుట్టి ప్రక్కన పెట్టుడు. కూన జరుగుటకు చోటుండవలెను. వేడి ఎక్కువైనచో దూరముగా పోవును. పాలు పోయరాదు. ఆవుపాలు, గేదెపాలు దానికి సరిపడక విరేచనములు పట్టును. నోట పోసిన పాలు ఊపిరితిత్తులలోనికి దిగి చంపుటయు తరచుగా జరుగును. చల్లబడిన కూనకు ఏ ఆహారమును అరగదు. ఇంటిపిల్లులను, కుక్కలను దగ్గరకు రానీయకుడు. వాటి జబ్బులు కూనలకు అంటును.

పాలిచ్చు ఏ అడవి జంతువు కరచినను, రక్కినను రేబీసు భయము కలదు. గాయమును సబ్బుతో, పారు నీటితో పదునైదు నిమిషములు కడిగి, అదే రోజున ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి టీకా తీసికొనుడు. పసుపు, కారము అద్ది ఊరకుండరాదు. ఈ విషయములో వాయిదా ప్రాణము తీయును.

జింక పిల్లల విషయము కొంచెము వేరు. రోళ్లపాడు చుట్టుపట్ల చేలలోను, నారాయణపేట జిల్లా కృష్ణాతీరపు చేలలోను కృష్ణజింకలు తిరుగుచుండును. అవి పంట తినునని రైతునకు కోపము. ఆ కోపము సహజమే. అయినను గడ్డిలో కదలక ముడుచుకొని పడుకొన్న పసిపిల్లను జబ్బుపడినదనుకొని ఎత్తకుడు. దాగియుండుటయే దాని రక్షణ. తల్లి దూరముగా మేయుచు, పాలిచ్చుటకు మాత్రము వచ్చిపోవుచుండును. పెద్ద జింకను తరిమి పట్టుకొనుట మరింత ప్రమాదము. గాయమేమియు లేకున్నను ఆ బెదురుకు, అలసటకు కండరములు దెబ్బతిని తరువాత చనిపోవును. కనులకు గుడ్డ కప్పి, నిశ్శబ్దముగా నుంచి, పశువైద్యునికై వేచియుండవలెను.

గుడ్లగూబను అపశకునమని రాళ్లు రువ్వు అలవాటు ఇంకను పోలేదు. ఎలుకలను తినుటలో అది జంగుపిల్లికి తీసిపోదు. పాత గోడ తొర్రనుండి పడిన పిల్లను తిరిగి తొర్రలో పెట్టినచో తల్లి మేపును. పక్షులకు మనిషి వాసన పట్టింపు లేదు. తొర్ర అందనిచో ఒక చెక్కపెట్టెను ఆ ప్రక్కనే ఎత్తున కట్టి అందులో ఉంచవచ్చును. ఎలుకల మందు పెట్టిన వారములో తూలుచు, ముక్కున రక్తము కారుచు కనబడు గుడ్లగూబ గాని జంగుపిల్లి గాని, మందు తిన్న ఎలుకను తినినదని అనుమానింపవలెను. ఏ మందు పెట్టిరో దాని పేరు పశువైద్యునికి తప్పక చెప్పుడు. బ్రోమోడయోలోను వంటి రక్తము గడ్డకట్టనీయని మందులకు విటమిన్ ‘కె’ తో చికిత్స కలదు. జింకు ఫాస్ఫైడుకు విరుగుడు లేదు. చచ్చిన ఎలుకలను ఏ రోజువి ఆ రోజు ఏరి లోతుగా పూడ్చినచో ఈ అవస్థయే రాదు.

గ్రామాధికారులు గుర్తింపవలసిన విషయము: 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టపు 39వ సెక్షను ననుసరించి అడవి జంతువు ప్రభుత్వపు సొత్తు. అట్టిది ఎవరి స్వాధీనమునకు వచ్చినను 48 గంటలలోపల దగ్గరి పోలీసు స్టేషనులో గాని, అధికారము గల అటవీ అధికారికి గాని తెలియజేయవలెను. ముద్దుకై పెంచుట నేరము. కబురు చేయు రైతు దోషి కాడనియు, దాచినవాడే దోషియనియు గ్రామసభలో స్పష్టముగా చెప్పినచో జనులు భయపడి దాచరు. బీటు అధికారి, పశువైద్యుని ఫోను నంబర్లను నరుకుడు కాలమునకు ముందే పంచాయతీ కార్యాలయపు గోడమీద వ్రాయించుడు.

నరుకుడు ముగిసిన తరువాత చెరకు చెత్తకు నిప్పు పెట్టు అలవాటు ఉన్నవారు ఇంకొక మాట వినవలెను. కూనలు ఎక్కువగా చచ్చునది కొడవలి వలన కాదు, ఈ మంటలో. చెత్తను సాళ్ల మధ్య పరచి కార్శి తోటకు తేమ నిలుపుకొనుట మేలని శాఖవారు చెప్పుచునే యున్నారు. తగులబెట్టక తప్పదని తలచువారు ముందుగా కర్రతో చెత్తను కదలించుచు ఒక చివరనుండి మరియొక చివరకు నడచి చూచి, అప్పుడు కూడ నాలుగు వైపుల నిప్పు పెట్టక ఒక వైపు మాత్రమే అంటించి, ఎదుటి వైపు కాలువ గట్టుకు దారి వదలుడు.