పన్నెండు రంధ్రాల పైపు – తోటకూర మడి

హాస్టల్‌లో చదివిన ఎవరికైనా తోట వంతు గుర్తుండే ఉంటుంది. ప్రొద్దుటూరు హాస్టల్‌లో మా వంతు వచ్చిన రోజు ఐదుగురం బకెట్లు మోసేవాళ్లం. ఆకుకూరల మళ్లు నాలుగు. మడికి నాలుగు బకెట్లు పోసేసరికి స్టడీ అవర్‌లో అరగంట పోయేది. పదో తరగతి వాళ్లకు అరగంటంటే చిన్న విషయం కాదు. ఎండాకాలంలో ట్యాంకు అడుగంటితే "స్నానానికా, మొక్కలకా?" అని గొడవ. ఆ గొడవలో ఎప్పుడూ మొక్కలే ఓడిపోయేవి.

మాది పులివెందుల దగ్గర పల్లె. మా నాయన చీనీ తోటల్లో కూలికి పోయి డ్రిప్పు పైపులు పరుస్తాడు. 2003లో ప్రభుత్వం సూక్ష్మసేద్య పథకం మొదలుపెట్టి, రాయితీ మీద డ్రిప్పు, స్ప్రింక్లర్లు ఇచ్చింది. సెలవుల్లో నేను బకెట్ల బాధ చెప్పుకుంటే నాయన, "చెట్టుకు కావాల్సింది తడి అబ్బీ, మడుగు గాదు" అన్నాడు. ఆయన బడి ముఖం చూడలేదు. ఆ మాట ఎంత నిజమో ఎమ్మెస్సీ ఫిజిక్సుకు వచ్చాక లెక్క వేస్తే తెలిసింది.

లెక్క చాలా సులభం. 1 మి.మీ. వాన అంటే చదరపు మీటరుకు 1 లీటరు నీరు. ఎండల్లో ఆకుకూరలకు రోజుకు సుమారు 5 మి.మీ. కావాలి. మన మడి 3 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు. అంటే 15 లీటర్లు, ఒక్క బకెట్టు! మనం పోసింది నాలుగు. మిగతా మూడూ వేళ్లకు అందకుండా కిందికి ఇంకిపోయాయి. అయితే ఒక్క బకెట్టును మడి అంతటా సమానంగా పంచడం చేత్తో కాదు. అందుకే తుంపర పైపు.

అంగట్లో దొరికే పెద్ద స్ప్రింక్లర్ తిరగాలంటే సుమారు 2 కిలోల ఒత్తిడి కావాలి. 10 మీటర్ల ఎత్తున నీళ్లుంటే 1 కిలో ఒత్తిడి వస్తుంది. మన ట్యాంకు మడికి 3 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి వచ్చేది 0.3 కిలో మాత్రమే. కనుక మనకు సన్న రంధ్రాల పైపే గతి.

ఇది తెలియక జమ్మలమడుగులో ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి భంగపడ్డాను. కాల్చిన మేకుతో పెద్ద రంధ్రాలు వేశాను. మొదటి రంధ్రాల్లోనే నీళ్లన్నీ కారిపోయి, చివరి వాటికి చుక్క అందలేదు. స్నేహితులు వారం రోజులు నవ్వారు. రంధ్రాలు సన్నగా ఉంటేనే పైపు నిండి, ఒత్తిడి చివరిదాకా నిలుస్తుంది.

పోయిన మార్చిలో ప్రొద్దుటూరు హాస్టల్ తమ్ముళ్లతో కలిసి సరిగ్గా చేశాం. పద్ధతి ఇది:

1. ముప్పావు అంగుళం పాత పీవీసీ పైపు 10 అడుగుల ముక్క తీసుకోండి.

2. బట్టలు కుట్టే సూదిని పటకారుతో పట్టుకొని, కొవ్వొత్తి మంట మీద కాల్చి, పైపు పైభాగాన జానెడుకొకటి చొప్పున 12 రంధ్రాలు వేయండి. ఒకటి కొద్దిగా ఎడమకు, ఇంకొకటి కొద్దిగా కుడికి వాలాలి. పొగ మంచిది కాదు, ఆరుబయటే చేయండి.

3. ఒక చివర మరలున్న మూత బిగించండి. అంటించవద్దు, కడగడానికి తీయాలి.

4. రెండో చివర హోస్ పైపు తొడిగి క్లిప్పు వేసి, కొళాయికి కలపండి. కొళాయి దగ్గర సన్నని నైలాన్ వల ముక్క అడ్డం పెడితే చెత్త రాదు.

5. నీళ్లు నడుమెత్తు లేచి మడిలోనే పడేట్టు కొళాయి తిప్పుకోండి.

మూతకు, క్లిప్పులకు, హోస్ పైపుకు కలిపి మాకు 180 రూపాయలయింది. పైపును బోర్లించి ఒక రంధ్రం కింద గ్లాసు పెడితే నిమిషానికి 125 మి.లీ. వచ్చింది. 12 రంధ్రాలకు లీటరున్నర. అంటే మడికి 10 నిమిషాలు. ఒక్కరు పుస్తకం పట్టుకొని కూర్చొని, పైపు మడి మార్చి మడి వేస్తే చాలు.

బోరు నీళ్లలోని సున్నం రంధ్రాలను మూసేస్తుంది. వారానికొకసారి మూత తీసి నీళ్లు వదిలి, సూదితో పొడవండి. ఎండలో, గాలిలో పెడితే తుంపర ఆవిరైపోతుంది, తెల్లవారుజామునే పెట్టండి. కరివేపాకు, జామ చెట్లకు ఇది పనికిరాదు, వాటికి మొదట్లో చుక్కచుక్కగా పడే డ్రిప్పే మేలు.

తమ్ముళ్లారా! నాలుగు మళ్లకు రోజూ పోసిన 240 లీటర్లు ఇప్పుడు 60 అయ్యాయి. మిగిలింది 12 బకెట్లు, పన్నెండు మంది స్నానం. ఐదుగురి స్టడీ అవరూ మిగిలింది. పెన్నా ఒడ్డున ఉండి కూడా ఎండాకాలం ఇసుకే చూసే ఊళ్లు మనవి. తోటను ఎండనివ్వకండి, దాని కోసం చదువునూ వదులుకోకండి.