కుక్కని అలసగొడితే సరిపోదు, కుదురుగా ఉండటం నేర్పాలి

ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే విషయం మాట్లాడుకుందాం. ఎనిమిది, పది నెలల కుక్క ఇంట్లో కుదురుగా ఉండట్లేదు. చుట్టాలొస్తే మీద పడిపోతోంది, అమ్మ చీర కొంగు పట్టి లాగుతోంది, రాత్రి పదింటికి సోఫా మీంచి మంచం మీదకి, మంచం మీంచి సోఫా మీదకి రౌండ్లు కొడుతోంది. ఏం చెయ్యాలి?

నేనుండేది బెంజ్ సర్కిల్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో. కాబట్టి నేను చెప్పేది తోట, దొడ్డి ఉన్న ఇంటి గురించి కాదు. కింద హైవే, పక్కన లిఫ్ట్, రెండు బెడ్‌రూములు, ఒక బాల్కనీ గ్రిల్. మనలో చాలామందికి ఉన్నది ఇదే.

ఇది చిన్న అల్లరే అనిపిస్తుంది కానీ, పాపం కుక్కకి మాత్రం చాలా పెద్ద విషయం అండి. రెండు నెలల పిల్లగా ముద్దొచ్చి తెచ్చుకున్నదాన్ని వద్దనుకునేది ఎక్కువగా ఈ వయసులోనే. ముందు మేడ మీద కట్టేస్తారు. తర్వాత ‘పల్లెటూళ్ళో అయితే హాయిగా తిరుగుతుందిలే’ అని ఎవరికో ఇచ్చేస్తారు. అదీ కుదరకపోతే రోడ్డు పక్కన వదిలేసి వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం, సరైన కారణం లేకుండా జంతువుని వదిలేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని తగినంత తిప్పకపోవడం కూడా అదే సెక్షన్ కిందకి వస్తుంది. అంతదాకా వెళ్ళకుండా ఏం చెయ్యొచ్చో చూద్దాం.

మొదట, ఈ గోల ఎందుకు? ఆరు నెలల నుంచి సుమారు రెండేళ్ళ దాకా కుక్కకి టీనేజ్ లాంటి వయసు. ఒళ్ళు పెద్ద కుక్కలా పెరిగిపోతుంది, తనని తాను ఆపుకునే శక్తి మాత్రం ఇంకా పూర్తిగా రాదు. దానికి తోడు జాతి. మన వైపు ఎక్కువగా కనిపించే లాబ్రడార్‌నే తీసుకోండి. దాని పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్లతో కలిసి చల్లటి నీళ్ళలో పనిచేసిన కుక్కలు. తర్వాత వేటలో పడిన పక్షుల్ని వెతికి తెచ్చే పనికి పెంచారు. రోజంతా పని చేయడానికి పుట్టిన జాతిని పటమటలో మూడో అంతస్తులో పెట్టుకున్నాం. అది పొగరు కాదండి, పని లేకపోవడం.

ఇప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒకటుంది: ‘బాగా పరిగెత్తించు, అలసిపోయి పడుకుంటుంది’. సగం నిజం. వ్యాయామం కావాలి. కానీ రోజూ గంటసేపు బంతి విసిరి పరిగెత్తిస్తే ఏమవుతుంది? కుక్కకి స్టామినా పెరుగుతుంది. ఈ నెల గంటకి అలసిపోయేది, వచ్చే నెల గంటన్నర అడుగుతుంది. పైగా బంతి ఆటలో అది ఉద్రేకంతో ఊగిపోతుంది, ఇంటికొచ్చాక కూడా ఆ ఊపు వెంటనే తగ్గదు. మన బెంజ్ సర్కిల్‌నే చూడండి. పైన ఫ్లైఓవర్లు వేశారు, వేగంగా పోయే బండ్లు పైనుంచి పోతున్నాయి. అయినా కింద సిగ్నల్ ఉండాల్సిందే కదా. కుక్కకి వ్యాయామం ఫ్లైఓవర్ లాంటిది. ఆగడం అనే సిగ్నల్ మనం విడిగా నేర్పాలి.

నేర్పే ముందు ఒక పని. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వస్తే ముందు లాగ్స్ చూస్తాం కదా, ఇక్కడా అంతే. ఒక వారం పాటు ఫోన్‌లో రాసుకోండి: ఎన్ని గంటలకి రెచ్చిపోయింది, దానికి ముందు ఏం జరిగింది, అప్పటికి ఎంతసేపు నిద్రపోయింది. చాలా ఇళ్ళలో ఒక ప్యాటర్న్ బయటపడుతుంది. కాలింగ్ బెల్, డెలివరీ బాయ్, పిల్లలు స్కూల్ నుంచి రావడం, లేదా నిద్ర చాలకపోవడం.

అవును, నిద్ర. ఎదిగిన కుక్క రోజుకి 12 నుంచి 14 గంటలు, పిల్లలైతే 18 గంటల దాకా నిద్రపోతాయి. నిద్ర చాలని పసిపిల్ల రాత్రి ఎలా పేచీ పెడుతుందో, కుక్క కూడా అలాగే గంతులేస్తుంది. మనం దాన్ని ‘ఎనర్జీ ఎక్కువైంది’ అనుకుని మళ్ళీ ఆడిస్తాం. హైవే హారన్లు, లిఫ్ట్ చప్పుడు మధ్య దానికి నిద్ర ఎక్కడిది? గుమ్మానికి, బాల్కనీకి దూరంగా ఒక మూల చూసి పరుపు వెయ్యండి. ఫ్యాన్ తగలాలి, నీళ్ళు అందుబాటులో ఉండాలి. మధ్యాహ్నం బాల్కనీ తలుపు మూసేయండి. గ్రిల్ లోంచి ప్రతి బండినీ చూసి మొరగడం దానికి విశ్రాంతి కాదు, డ్యూటీ.

తర్వాత వాకింగ్. బెజవాడని బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. చెమట గ్రంథులు ముఖ్యంగా పాదాల్లోనే ఉంటాయి, ఒంట్లో వేడి ఎక్కువగా రొప్పడం ద్వారానే పోవాలి. అందుకే ఎండాకాలంలో తెల్లవారుజామున, లేదా రోడ్డు చల్లబడ్డాక రాత్రి పూట తిప్పండి. బయల్దేరే ముందు మీ అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టి చూడండి. మీకు కాలితే దానికీ కాలుతుంది. విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడలోకి తెచ్చి, ఒళ్ళంతా మామూలు నీళ్ళు పోసి, గాలి తగిలేలా చేసి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ‘తగ్గుతుందిలే’ అని ఆగకండి.

వాకింగ్‌లో దూరం కన్నా వాసన ముఖ్యం. సర్వీస్ రోడ్డు మీద లాక్కుంటూ రెండు కిలోమీటర్లు నడిపించే కన్నా, మూడు మీటర్ల లీష్‌తో బండ్లు లేని సందులోనో, బందరు కాలువ గట్టు మీదో ఇరవై నిమిషాలు దానిష్టం వచ్చినట్టు వాసన చూడనివ్వండి. కుక్కకి వాసన చూడటం అంటే మనకి పేపర్ చదవడం లాంటిది. బుర్రకి పని దొరుకుతుంది, ఒళ్ళు నెమ్మదిస్తుంది. వర్షం పడి బయటకి వెళ్ళలేకపోతే, పాత తువ్వాలులో దాని తిండి గింజలు చల్లి చుట్టేసి ఇవ్వండి, వెతుక్కుని తింటుంది. పళ్ళెంలో పల్చగా పెరుగు రాసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇస్తే నాకుతూ కూర్చుంటుంది. పంచదార వెయ్యకండి. ఉడికించిన ఎముకలు మాత్రం వద్దు, విరిగి గుచ్చుకుంటాయి.

ఇక అసలు పాఠం, చాప పాఠం. అమెరికన్ పశువైద్యురాలు కారెన్ ఓవరాల్ రూపొందించిన రిలాక్సేషన్ ప్రోటోకాల్ అని ఒకటుంది, 15 రోజుల అభ్యాసం. మన ఇంటికి తగ్గట్టు దాని సారం చెప్తాను. ఒక చాప పరవండి. కుక్క దాని మీద కూర్చోగానే ఉప్పు, కారం లేని ఉడికించిన చికెన్ ముక్క చిన్నది ఇవ్వండి. ఐదు సెకన్లు ఉంటే ఇంకోటి. తర్వాత మీరు ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ రండి, కదలకపోతే ముక్క. తర్వాత చప్పట్లు కొట్టండి, తలుపు తీసి వెయ్యండి, చివరికి కాలింగ్ బెల్ కొట్టించండి. లేచిపోయిందంటే మీరు తొందరపడ్డారని అర్థం. తిట్టకుండా ముందు మెట్టుకి రండి. రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి ఐదు నుంచి పది నిమిషాలు చాలు. పాఠం లేనప్పుడు కూడా, అది తనంతట తాను పడుకుని ఉంటే మెల్లగా వెళ్ళి ఒక ముక్క పక్కన పెట్టండి. మనం మామూలుగా అల్లరి చేస్తేనే పలకరిస్తాం, బుద్ధిగా ఉంటే పట్టించుకోం. అందుకే అల్లరి పెరుగుతుంది.

మీదకి ఎగిరితే? అరవకండి, చేత్తో తొయ్యకండి, దానికి అదీ ఆటే. పక్కకి తిరిగి నిలబడండి. నాలుగు కాళ్ళూ నేల మీద పడగానే పలకరించండి. ఇంట్లో అందరిదీ ఒకే రూల్ అవ్వాలి. నాన్నగారు కసురుతారు, అమ్మమ్మ ‘పోనీలేరా పసిది’ అని నిమురుతుంది. అప్పుడప్పుడు దొరికే బహుమతి లాటరీ లాంటిది, ఆశ చావదు. మొదటి కొన్ని రోజులు ఎగరడం ఇంకా పెరుగుతుంది కూడా. ఇంతకుముందు పనిచేసిన ట్రిక్ పనిచేయట్లేదని గట్టిగా ప్రయత్నిస్తుందన్నమాట. సరిగ్గా అక్కడే చాలామంది ఆపేస్తారు. మీరు ఆపకండి. ఈలోగా పెద్దవాళ్ళు పడిపోకుండా వాళ్ళు నడిచే టైమ్‌లో గది గుమ్మానికి చిన్న గేటు పెట్టండి. కొట్టడం మాత్రం వద్దు. భయంతో నోరు మూసుకున్న కుక్క ప్రశాంతంగా ఉన్నట్టు కాదు.

అన్నిటికీ ట్రైనింగే మందు కాదు. ఉన్నట్టుండి ప్రవర్తన మారినా, ఒకచోట నిలవకుండా గోక్కుంటున్నా, తిండి దగ్గర గుర్రుమంటున్నా ముందు డాక్టర్‌కి చూపించండి. పిడుదులు, చెవి నొప్పి, కడుపులో పురుగులు కూడా కుక్కని కుదురుగా ఉండనివ్వవు. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, మన హైవే మీదే వెళ్ళొచ్చు. ఆపరేషన్ చేయిస్తే అల్లరంతా ఆగిపోతుందని కొందరంటారు. దానికి వేరే ఉపయోగాలున్నాయి, కానీ అది నేర్పని పాఠాన్ని నేర్పదు.

మొత్తంగా రోజు ఇలా పెట్టుకోండి: తెల్లవారుజామున వాసనల వాకింగ్, తర్వాత వెతుక్కునే టిఫిన్, మధ్యాహ్నం చీకటి గదిలో నిద్ర, సాయంత్రం పది నిమిషాలు చాప, రాత్రి ఇంకో చిన్న వాకింగ్. బంతి ఆట మధ్యలో ఐదు నిమిషాలు చాలు, అదీ ఆపడం మన చేతిలో ఉండాలి. ఇలా కొన్ని వారాలు చేశాక మళ్ళీ ఒక వారం లాగ్ రాసి, మొదటి వారంతో పోల్చి చూడండి. గంతులు పూర్తిగా పోవు, పోకూడదు కూడా. గంతేశాక ఎంత త్వరగా నెమ్మదిస్తోంది, అది చూడండి. ఆ టైమ్ తగ్గుతుంటే మీరు సరైన దారిలోనే ఉన్నారు.

మేడ మీద గొలుసు ఎవరైనా కొనొచ్చండి. దానికన్నా ముందు ఒక చాప కొనండి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.